పట్టేసిన ఇంజను

“బసన్న వద్దులే అక్కా. దేవేంద్రన్నను పిలువు,” అన్నాడు మద్దయ్య, ట్రాక్టరు ముందు గొంతుక్కూర్చునే.

సుభద్రమ్మ తాను సరిగ్గానే విన్నానా అనుకుంది. జీతగాడు బసన్న దున్నపోతులాంటి మనిషి, పక్కనే నిలబడి ఉన్నాడు. అతన్ని కాదని, పక్షవాతంతో మంచం పట్టిన తన మొగుణ్ణి పిలవమంటున్నాడు ఈ ఎమ్మిగనూరు మెకానిక్కు.

“ఆయప్పకు ఎడం చెయ్యి లేవదు. నీకు తెల్దా?”

“తెల్సు. బలానికి కాదక్కా, ఈ బండి గుణం తెల్సిన మనిషి కావల్ల నాకు.”

దేవేంద్రప్ప ఒకప్పుడు ఆ ట్రాక్టరుతో చుట్టుపక్కల నల్లరేగడి అంతా దున్నినవాడు. మద్దయ్య కూడా స్టీరింగు పట్టడం నేర్చింది ఆయన దగ్గరే. కిందటేడు దసరాకు ముందు చేలోనే కూలబడిపోయాడు. ఆనాటి నుంచి మనిషి లోపల మంచంలో, ట్రాక్టరు బయట కొట్టం పక్కన. పొగగొట్టంలోంచి వాన నీళ్ళు దిగి, పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు కరుచుకుపోయాయి. ఆదోని డాక్టరు నడవమన్నాడు, చెయ్యి ఆడించమన్నాడు. దేవేంద్రప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. చుట్టాలొచ్చినా తిరిగి చూసేవాడు కాదు.

మృగశిర దగ్గర పడుతోంది. ట్రాక్టరు అమ్మి ఒక జత ఎద్దుల్ని కొందామని సుభద్రమ్మ నిశ్చయించుకుంది. ఆదోని నుంచి బేరగాడొకడు వచ్చి చూసి, ఇంజను తిరిగితే బండిగా కొంటాననీ, లేకుంటే పాత ఇనుము కిందే తీసుకుంటాననీ చెప్పిపోయాడు. అందుకే మద్దయ్యకు కబురు పెట్టింది.

పిలిచినా రాడనుకుంటూనే లోపలికి వెళ్ళింది. బయట మద్దయ్య సుత్తి దెబ్బలు విని దేవేంద్రప్ప అప్పటికే మోచేతి మీద లేచి ఉన్నాడు.

“ఆ సుత్తి పక్కన పెట్టమను వాణ్ణి. కొడితే పగులుతాది గానీ వదల్దు,” అన్నాడు.

చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన పెద్ద మాట అదే. బసన్న, ఆమె చెరోవైపు పట్టుకుని బయటికి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు.

మద్దయ్య స్టార్టరు మోటారు విప్పి పక్కన పెట్టాడు. సిలిండర్లలోకి డీజిలు, కిరసనాయిలు కలిపి పోశాడు. నాననిచ్చి, ఇంజను ముందున్న పెద్ద నట్టుకు పొడవాటి ఇనుప కడ్డీ తగిలించాడు. ఒక కొన తాను పట్టుకుని రెండో కొన దేవేంద్రప్పకిచ్చాడు. ఒకరు తోస్తే ఒకరు లాగాలి. ఎడమచేయి నిలవకపోతే తువ్వాలుతో కడ్డీకి కట్టాడు. కడ్డీ కదల్లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. దేవేంద్రప్పకు మద్దయ్య మీద కోపం వచ్చింది. నూనె చాల్లేదన్నాడు, కడ్డీ పొట్టిదన్నాడు, ఎండెక్కినాక వచ్చే మెకానిక్కు ఏం మెకానిక్కని గొణిగాడు. మద్దయ్య తలూపి మళ్ళీ తోయమనేవాడు. ఒకనాడు కడ్డీ గోరంత కదిలింది. ఆ పూట దేవేంద్రప్ప ఇంకో జొన్నరొట్టె అడిగి వేయించుకున్నాడు.

ఆ తర్వాత పొద్దున్నే లేచి తనంతట తానే గోడ పట్టుకుని బయటికి రావడం మొదలెట్టాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, మద్దయ్య కోసం దారి చూసేవాడు. కడ్డీ రోజూ రవ్వంత ఎక్కువ కదిలేది. తువ్వాలు కట్టడం మానేశారు.

సుభద్రమ్మకు మాత్రం కడుపు మండిపోయేది. జబ్బు మనిషి చెమటలు కక్కుతుంటే చూడలేకపోయింది. పడమట మబ్బులు కమ్ముతున్నాయి, ఊళ్ళో అందరూ విత్తనాలు సిద్ధం చేసుకుంటున్నారు. బసన్నను పెట్టుకొమ్మని మళ్ళీ చెప్పింది. మద్దయ్య మళ్ళీ వద్దన్నాడు.

“నీకు చేతగాకుంటే చెప్పు మద్దయ్యా. ఆదోని నుంచి ఇంకొకన్ని పిలిపిస్తా. రోగిష్టి మనిషిని సంపుకుంటాండావు,” అనేసింది.

అతను తలెత్తకుండా రొట్టె తిని, చెయ్యి కడుక్కుని, పనిలోకి పోయాడు.

తొలకరి చినుకులు పడిన మర్నాడు పొద్దున కడ్డీ ఒక్కసారిగా గిర్రున పూర్తి చుట్టు తిరిగింది. దేవేంద్రప్ప ముందుకు తూలి, రెండు చేతులతో కడ్డీని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మద్దయ్య స్టార్టరు బిగించాడు. బ్యాటరీ తగిలించాడు. నల్లటి పొగ కక్కి, దగ్గి, ఇంజను అందుకుంది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

బసన్న పట్టుకోబోతే దేవేంద్రప్ప విదిలించుకున్నాడు. ఎడమచేత్తో మడ్‌గార్డు పట్టుకుని, మెల్లగా సీటు మీదికి ఎక్కి కూర్చున్నాడు.

“ఆ ఆదోని బేరగాణ్ణి రావద్దని చెప్పు,” అన్నాడు భార్యతో. బసన్నను పక్కన నిలబెట్టుకుని బండిని చేనివైపు తిప్పాడు.

సుభద్రమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అనరాని మాటలన్నానే అని మద్దయ్య దగ్గరికి వచ్చింది. అతను సామాన్లు సంచిలో వేసుకుంటున్నాడు.

“మనసులో పెట్టుకోవద్దప్పా. ఇన్ని దినాలు మొండికేసింది, ఈ పొద్దు ఎట్ల వదిలింది?”

మద్దయ్య చేనివైపు ఒకసారి చూసి, సంచిలోంచి నూనె పట్టిన చెక్కముక్క ఒకటి తీశాడు. ఒక వైపు కత్తితో చెక్కిచెక్కి పలచబడి ఉంది.

“స్టార్టరు తీసిన సందులోంచి దీన్ని ఇంజనుతో తిరిగే ఫ్లైవీలు చక్రానికి అడ్డం పెట్టినా. దినామూ రవ్వంత చెక్కుతా వచ్చినా, ఈ పొద్దు తీసేసినా. అన్నకు చెప్పొద్దక్కా.”

“నువ్వే అడ్డం పెట్టినావా? ఎందుకప్పా?”

మద్దయ్య సంచి భుజానికి వేసుకున్నాడు.

“ఇంజను నేనొచ్చిన మర్నాడే వదిలిందక్కా.”