పద్నాలుగో నంబరు కోటు

“నా అన్నం గిన్నెలో ఉడుకుతున్నదేంటయ్యా?”

మూత ఎత్తి చూసి అడిగింది నూరిస్. పెరట్లో మామిడి చెట్టు కింద విప్పదీసిన మోటార్‌సైకిల్ ముందు గొంతుక్కూర్చున్న ఆమె మొగుడు ఫెర్మీన్ తల కూడా ఎత్తలేదు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

“కార్బురేటర్. నిమ్మకాయ పిండి ఉడకబెడితే లోపలి మురికంతా వదులుతుంది.”

“అయితే మధ్యాహ్నం కార్బురేటర్ చారే.”

“పన్నెండింటికి నేను స్టాండులో లేకపోతే రేపట్నుంచి ఆ గిన్నెలోకి బియ్యమే రావు. అది చూసుకో ముందు.”

నూరిస్ గిన్నె మీద మూత మళ్లీ పెట్టేసింది. ఆ మాట నిజం. బండి వెనక మనుషుల్ని ఎక్కించుకుని తిప్పడమే వాళ్ల బతుకు. నెల్లాళ్లు బండి కదలకపోతే స్టాండులో ఆ చోటు ఇంకొకరికి పోతుంది, అది అక్కడి కట్టుబాటు. ఈ పూటతో నెల నిండుతుంది. “పన్నెండు కొట్టేలోగా బండి మోగించుకుంటూ రావాలి, తోసుకొస్తే ఒప్పుకోను. లేకపోతే పద్నాలుగో నంబరు కోటు విప్పి పంపించెయ్యి” అని స్టాండు పెద్ద టాటికో నిన్ననే కబురు పెట్టాడు. తుప్పు పట్టిన ఆ బండి కంటే ఫెర్మీన్‌కి వీపు మీద స్టాండు నంబరున్న ఆ పసుపు కోటు మీదే ప్రాణం.

కార్బురేటర్‌ని చీపురుపుల్లతో పొడిచి, ఊది, బిగించాడు. పెట్రోలు జలజలా దిగింది. ఫెర్మీన్ ముఖం వెలిగిపోయింది.

“చూశావా? వారం నుంచి రాని పెట్రోలు, నీ గిన్నె చలవ.”

కిక్ కొట్టాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. ఈసారి దగ్గు కూడా లేదు. కంచె అవతల డామినో బిళ్లలతో ఆడుకుంటున్న ముసలాళ్లు ఆట ఆపేశారు.

“సైలెన్సర్‌లో కప్ప దూరిందేమో చూడరా.”

“ఆ బండికి వైద్యుడు కాదురా, పాదిరీ కావాలి.”

ఫెర్మీన్ కొడుతూనే ఉన్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. కాలు పీకేస్తోంది.

సరిగ్గా అప్పుడు కంచె పక్కన ఒక ఎర్ర బండి ఆగింది. దాని మీద ఇస్త్రీ చొక్కా, గడ్డి టోపీతో ఎవరో కొత్త మనిషి. ఆ ఊళ్లో శవయాత్ర ఎదురొచ్చినా తప్పుకుని పోయేవాళ్లుంటారు గానీ, స్టార్టు కాని బండిని చూసి ఆగకుండా పోయే మగాడు ఇంకా పుట్టలేదు.

“ప్లగ్గు చూశావా అన్నా?” అంటూ లోపలికి వచ్చేశాడు.

“కొత్తది. మొట్టమొదట మార్చింది అదే.”

“కొత్తదైతే పనిచెయ్యాలని రూలుందా? మా బామ్మర్దికి కొత్త ఉద్యోగం వచ్చింది, వాడు చేస్తున్నాడా?”

ముసలాళ్లు పగలబడి నవ్వారు. కొత్త మనిషి ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్లగ్గు విప్పి, ఇంజన్‌కి ఆనించి, ఎండ పడకుండా టోపీ అడ్డం పెట్టాడు. ఇద్దరూ టోపీ కింద తలలు దూర్చారు.

“కొట్టమ్మా వదినా.”

నూరిస్ గరిటె పక్కన పెట్టి కిక్ కొట్టింది. టోపీ కింద చీకటే.

“చచ్చింది నీ కొత్త ప్లగ్గు” అని, పరుగున వెళ్లి తన ఎర్ర బండి ప్లగ్గు ఊడదీసి తెచ్చాడు. “మళ్లీ కొట్టు వదినా.”

చిటుక్కుమని నీలం రవ్వ.

“అదీ” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఫెర్మీన్ ఆ ప్లగ్గు బిగించాడు. లేచి, శిలువ గుర్తు వేసుకుని, ఒక్క కిక్ కొట్టాడు.

బండి గర్జించింది. మామిడి చెట్టు మీది కోడి ఎగిరి కింద పడింది. ముసలాళ్లు బల్ల మీద డామినోలు దడదడలాడించారు. నూరిస్ గిన్నె మీద గరిటెతో వాయిస్తూ గంతులేసింది. ఫెర్మీన్ ఆ కొత్త మనిషిని కావలించుకుని రెండు బుగ్గలకీ నూనె పూశాడు. నెల రోజుల దిగులు పొగలో కలిసి ఎగిరిపోయింది.

“టైమెంతయింది?”

“పన్నెండుకి పావుగంట తక్కువ” అని కంచె అవతల్నించి జవాబు.

“దేవుడున్నాడు. నూరిస్, లోపల్నుంచి నా కోటు పట్రా.” ఆమె లోపలికి ఉరికింది. ఫెర్మీన్ కొత్త మనిషి వైపు తిరిగాడు. “నీ ప్లగ్గు మాటేంటి తమ్ముడూ?”

“నీ బండిని ఇప్పుడు ఆపితే పాపం తగులుతుంది, ప్లగ్గు ఉంచుకో. నా బండి ఇక్కడే పడుంటుంది, దార్లో ఇంకోటి కొనుక్కుంటా. నన్ను కాస్త దింపెయ్ చాలు, నేనూ పన్నెండింటికల్లా ఒకచోట ఉండాలి.”

“నిన్ను స్వర్గంలోనైనా దింపుతా, ఎక్కు. ఎటు?”

అతను హుషారుగా వెనక ఎక్కి, ఫెర్మీన్ భుజం మీద చెయ్యేశాడు.

“టాటికో స్టాండుకి పోనీ అన్నా. ఎవడిదో బండి చచ్చి నెలయిందట, పన్నెండింటికి వాడు రాకపోతే వాడి నంబరు నాకిస్తానన్నారు.”