పోచమ్మ కాపలా

వాకిట్లో బండి ఆగిన చప్పుడు వినగానే పోచమ్మ చేతిలో చాట పక్కన పెట్టి లేచింది. శివశంకర్ చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి, కంప్యూటర్ కుర్చీ వెనకాల ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది.

"మళ్ల గదేనా మేడం?" అన్నాడు శివశంకర్, భుజం మీద సంచీ దించుతూ.

"మళ్ల గదే," అంది శిరీష ముభావంగా. "ప్రింటర్ల ఒక్క పేజీ వచ్చేలోపల కుక్కర్ల అన్నం ఉడుకుతున్నది. రేపు పొద్దున బడికి ప్రశ్నపత్రాలు ఇయ్యాలె."

శిరీష పోచమ్మ కోడలు. కొడుకు వీరేందర్ విమానాశ్రయంలో సామాన్ల విభాగంలో పనిచేసేవాడు. రెండేళ్ల కింద ఔటర్ రింగు రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి శిరీష శంషాబాద్‌లోని ఓ ప్రైవేటు బడికి ప్రశ్నపత్రాలు టైపు చేసి, ఇంట్లోనే ప్రింటు తీసి ఇస్తోంది. ఆ కంప్యూటర్ వీరేందర్‌ది. అందులో ముచ్చటపడి లినక్స్ వేసుకున్నాడు. అది తీసేసి అందరిలా విండోస్ పెట్టించుకోమని ఎంతమంది చెప్పినా శిరీష వినలేదు. ఆయన పెట్టింది ఉండనీ అంటుంది. లినక్స్ తెలిసిన మనిషి కోసం వెతగ్గా వెతగ్గా బుద్వేల్‌లో దొరికినవాడు శివశంకర్.

మొదటిసారి వచ్చి, ప్రింటర్‌కి నప్పని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉందని తీసేసి వేరేది ఎక్కించాడు. అయినా నత్తనడకే. కేబుల్ మార్చాడు. క్యూలో ఇరుక్కున్న పాత పేజీలన్నీ తుడిచేశాడు. చివరికి లోపం సెట్టింగుల్లో దొరికింది. మామూలు కాగితాన్ని కూడా ఫోటో అచ్చేసినంత నాణ్యంగా వేయమని ఉంది. దాన్ని నార్మల్‌కి మార్చగానే పేజీలు టకటకా వచ్చిపడ్డాయి.

కొన్నాళ్లకు మళ్లీ మొరాయించింది. మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే జబ్బు, అదే మందు.

వచ్చిన ప్రతిసారీ పోచమ్మ అక్కడే. ఆమెకు చదువు రాదు. అయినా అతని చెయ్యి ఎటు కదిలితే ఆమె కళ్లు అటు కదిలేవి. పాల్మాకులలో పొలం ఉన్న రోజుల్లో మక్కచేనుకు పందులు రాకుండా కాసిన చూపు అది. చాయ్ కావాలన్నా, మంచినీళ్లు కావాలన్నా కోడల్నే లేపేది తప్ప తను కుర్చీ వదిలేది కాదు.

"మీ ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగింది ఓ రోజు, పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు.

"నేను, మా అమ్మ. గంతే పెద్దమ్మా."

"పెండ్లి?"

"కాలే."

"ఎందుకు గాలే? తాగుతవా?"

శిరీషకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అత్తమ్మా, జర ఊకో," అంది. శివశంకర్ నవ్వి, తాగనన్నాడు. పోచమ్మ నవ్వలేదు.

పక్కింటి భాగ్యమ్మ గోడ మీదుగా అననే అంది. "ఫోన్ జెయ్యంగనే ఉరికొస్తుండు. గింత పనికి గన్నిసార్లు రావాల్నా వదినా? నాకైతే అనుమానంగనే ఉంది. జర కనిపెట్టుకోని ఉండు."

"నా కండ్లు గాడనే ఉన్నయి," అంది పోచమ్మ.

ఇవాళ సెట్టింగులు తెరవగానే శివశంకర్ చెయ్యి ఆగిపోయింది.

"మేడం, గిది దానంతటదే మారదు. ఎవరో మారుస్తున్నరు."

శిరీష ముఖం ఎర్రబడింది. "నేనెందుకు మారుస్త? ఆగిపోయేది నా పనే గదా. దీంట్ల చెయ్యి పెట్టేది మీరొక్కరే."

"అంటే నేనే ఖరాబు జేసి పోతున్ననా?"

"నాకేమెరుక?"

పోచమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

శివశంకర్ దాన్ని మళ్లీ నార్మల్‌కి మార్చి పని ముగించాడు. ప్రశ్నపత్రాలు ఒకదాని మీద ఒకటి రావడం మొదలైంది. సంచీ సర్దుకుని గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఇగ మంచిగ నడుస్తది. నన్ను పిలిచే పని వడది," అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. "గట్ల పిలవకపోతే గూడ నాకు మంచిగనిపియ్యది."

అనేశాక తనే బెదిరిపోయినట్టు గబగబా వెళ్లి బండి స్టార్ట్ చేశాడు.

శిరీష గట్టిగా ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు. బండి సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. లోపల పేజీలన్నీ వచ్చేసి ప్రింటర్ ఆగిపోయినా ఆమె కదల్లేదు. పోచమ్మ అంతా చూసింది.

గోడవతల నుంచి భాగ్యమ్మ కూడా చూసింది. శిరీష లోపలికి వెళ్లి, పోచమ్మ వాకిట్లోకి రాగానే గొంతు తగ్గించి, "నే చెప్పలే వదినా? మొత్తం జేసేది గా పిలగాడే. ఇగనన్న ఏదో ఒకటి జెయ్యి," అంది.

"జేస్త," అంది పోచమ్మ.

మర్నాడు శిరీష ప్రశ్నపత్రాల కట్ట తీసుకుని బడికి వెళ్లింది. ఆమె ఆటో ఎక్కేదాకా పోచమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది.

కంప్యూటర్ ముందు కూర్చుని, శివశంకర్ వెనకాల కూర్చుని చూసి చూసి నేర్చుకున్న గుర్తుల వెంట తెర మీది బాణాన్ని మెల్లగా జరుపుకుంటూ వెళ్లి, ఎప్పటిలాగే ఫోటో గడి మీద నొక్కింది.