ఏడో నంబరు డబ్బా

ఆ ఉదయం రంగూన్‌లో సంచౌంగ్ పేట మీద ఆకాశం పిండకుండా ఆరేసిన గోనెపట్టాలా ఉంది. కురవడం లేదు, కారుతోంది.

దండాసి సైకిల్ వెనక పదకొండు డబ్బాలు. ఒంటరి ముసలివాళ్ళకి చీనా సంఘం పంపే మధ్యాహ్నపు అన్నం. దండాసి తాత రంగూన్ రేవులో బస్తాలు మోశాడు. మనవడు డబ్బాలు మోస్తున్నాడు.

ఏడో డబ్బా ఆమాది. చీనావాళ్ళు నాయనమ్మని అలా పిలుస్తారు. ఎనభై రెండేళ్ళు. నాలుగో అంతస్తులో ఒంటిగది.

మెట్లెక్కే పని లేదు. బాల్కనీలోంచి వీధిలోకి ఒక తాడు, దాని చివర డబ్బా తగిలించే క్లిప్పు వేలాడుతూ ఉంటాయి. కింద లాగితే పైన గంట మోగుతుంది. ఆమా నిన్నటి డబ్బా కడిగి దించుతుంది. ఇవాళ్టిది లాక్కుంటుంది.

దిగిన డబ్బాలో ఒక గుడ్డు ఉంటుంది. ఉడికినది, పెంకుతో.

రెండేళ్ళ కిందట మొదటిసారి చూసినప్పుడు, "ఆమా, గుడ్డు మరిచిపోయావు!" అని అరిచాడు.

"ఖాళీ గిన్నె ఎవరైనా తిరిగిస్తారా? మీ అమ్మ నేర్పలేదా నీకు?" అని పైనుంచి బర్మా మాటల్లో చీవాట్లు పెట్టింది.

నేర్పింది. దండాసి తల్లి కూడా ఇరుగమ్మ గిన్నె ఉత్తిది పంపేది కాదు. ఏమీ లేనినాడు చిటికెడు పంచదారైనా వేసేది.

ఆమా తాడుకి గుడ్డు తప్ప ఇంకోటి ఏనాడూ దిగలేదు. అన్నంతోపాటు సంఘం పంపిన గుడ్డే అది. ఇంకేమీ ఎందుకు దిగదో దండాసి ఆలోచించలేదు. ఆలోచిస్తే మింగుడుపడదు.

సందు చివర నిలబడి పెంకు తీసుకుని తినేవాడు. చొక్కా జేబులో ఉప్పు పొట్లం అందుకే.

ఆ రోజు మధ్యాహ్నానికి వాన ముదిరింది. ఎక్కడా ఆగకుండా సంఘానికి వచ్చేశాడు. వంటావిడ డబ్బాలు దింపుకుని, ఏడో దాని మూత తీసింది.

గుడ్డు.

కార్యదర్శి ఊ మ్యాహాన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. గుడ్డుని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఆమా తినడం లేదా, దండాసీ?"

దండాసి తువ్వాలుతో తల తుడుచుకున్నాడు.

"రోజూ ఇలాగే వస్తోందా?"

రోజూ అంటే, వచ్చినవన్నీ ఏమయ్యాయని అడుగుతారు. ముసలివాళ్ళ తిండి తిన్నవాడి చేతికి మళ్ళీ డబ్బాలివ్వరు.

"నేను మూతలు తియ్యను, సయా," అని బర్మా మర్యాదతో అన్నాడు.

ఊ మ్యాహాన్ తలూపాడు. "పోయిన నెల మనవాళ్ళు ఇంటికెళ్ళి బాగోగులు అడిగితే, ఏ లోటూ లేదంది. నిజమే కాబోలు. పేరిచ్చి కాచుక్కూచున్నవాళ్ళు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు."

జాబితా తీసి ఏడో పేరు మీద గీత పెట్టాడు. స్కేలు పెట్టి గీశాడు.

ఇంటికొచ్చాక నరసమ్మ మొగుడి ముఖం చూసింది.

"ఏటలగున్నావు?"

చెప్పాడు.

"రెండేళ్ళు ఆ తల్లి గుడ్డు తిన్న నోరు. ఒక్క మాట ఆడనేకపోయిందేటి?"

"ఆడితే ఈ నోటికి కూడుండదే."

"మరామె నోటికో?"

మర్నాడు ఏడో డబ్బా వేరే వీధికి వెళ్ళింది. ఆమా సందులోంచే దారి. తాడు కిందికి దిగి ఉంది. దాని చివర క్లిప్పు ఖాళీగా ఊగుతోంది.

దండాసి ఆగలేదు.

రెండోరోజూ తాడు అలాగే ఉంది.

మూడోరోజు పొద్దున్న నరసమ్మ తమ ఇంటి సొట్టడబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

పంపకం అయ్యాక నాలుగంతస్తులూ ఎక్కాడు.

కిందనుంచి చూస్తే ఆమా పొడుగుమనిషిలా కనిపించేది. గుమ్మంలో నిలబడితే అతని గుండెల దాకా వచ్చింది.

"ఇంత బరువేం పెట్టారురా? తాడు తెగుతుందని మోసుకొచ్చావా?" అని నవ్వింది.

లోపల బొగ్గు కుంపటి. దాంట్లో సాలెగూడు.

ఆమా డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. సొట్ట మీద వేలు పెట్టింది.

"ఇది సంఘం డబ్బా కాదే."

"కాదు."

"నా పేరు తీసేశారా?"

"తీసేశారు."

"ఎందుకట?"

దండాసి వంగి మూత తీశాడు. అన్నం, ఎండుచేపల పులుసు, ఒక గుడ్డు.

"ధరలు పెరిగిపోయాయట."

"అవును మరి," అంది ఆమా. "నాకంటే లేనివాళ్ళు ఉంటారు."

రెండు పళ్ళాలు తెచ్చింది. అన్నం సగం సగం పెట్టింది. గుడ్డు పెంకు తీసింది. కుట్టుదారం ఒక కొస పళ్ళతో పట్టుకుని, గుడ్డు చుట్టూ తిప్పి లాగింది. రెండు ముక్కలు.

పెద్దముక్క దండాసి పళ్ళెంలో వేసింది.

ఇద్దరూ నేలమీద కూర్చుని తిన్నారు. బయట వానగాలికి తాడు ఊగి, గంట ఒక్కసారి మోగింది. ఎవరూ లేవలేదు.

దండాసి జేబులో ఉప్పు పొట్లం ఉంది. తీయలేదు.