రవళి పుట్టిన తారీఖు

“ఫారం మళ్ళ ఎర్రగనే చూపిస్తున్నది రవళీ. వయసు దాటిందంట,” అంది ఉమైరా, కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి.

మైత్రీవనం వెనక సందులో ఉమైరాది చిన్న నెట్ సెంటర్. పక్క హాస్టల్లో ఉండే రవళి, ఏ యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం పడినా దరఖాస్తు ఇక్కడే పెడుతుంది. ఈసారిది వేరు. పల్లెవాళ్ళ యాసను కంప్యూటర్‌కు నేర్పే ప్రాజెక్టు. రవళి రాసిన ప్రోగ్రాం చూసిన ప్రొఫెసర్, “దరఖాస్తు పెట్టమ్మా, నీలాంటివాళ్ళే కావాలి” అన్నారు. గడువు ఈ సాయంత్రం వరకే. ఇది పోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోవడమే.

“ఆడపిల్లలకు సడలింపు లేదా?”

“దీనికి లేదు. ఇరవై ఎనిమిది దాటొద్దు.”

“నా అసలు వయసు ఇరవై ఆరే! మా బడిల నర్సింహులు సారు అందరికీ జూన్ నెలే రాసేటోడు. వయసు ఎక్కువేసి బళ్ళె కూసోబెట్టేటోడు.”

“వారెవ్వా! క్లాసు మొత్తానికి ఒకటే కేకు కోస్తే అయిపోయేది.”

రవళికి నవ్వు రాలేదు. ఇంట్లో ఆ తారీఖున ఎవరూ పుట్టినరోజు మాట ఎత్తేవాళ్ళు కాదు. దొంగ తారీఖుకు పాయసం దేనికని తనూ ఎప్పుడూ అడగలేదు.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది.

“పంచాయతీలో జనన ధ్రువపత్రం ఉంటుందిగా, తెప్పించమ్మా. అందులో వయసు తక్కువుంటే ఆఫీసులో నేను మాట్లాడతాను,” అన్నారాయన.

వెంటనే తండ్రికి చేసింది.

“బాపూ, పంచాయతీకి పోయి నా పుట్టిన కాగితం ఫొటో తీసి పంపు. జల్ది.”



“అదెందుకు బిడ్డా? ఇంకో నౌకరి చూసుకోరాదు?”

“ఇంకోటి లేదు బాపూ. నీకు దండం పెడత.”

ఉమైరా చాయ్ తెప్పించింది. “ఫికర్ చేయకు, వస్తది,” అంది. రవళి చాయ్ చల్లారిపోయాక ఫొటో వచ్చింది.

పేరు రవళి. తల్లిదండ్రుల పేర్లు సరిగ్గానే ఉన్నాయి. తారీఖు మాత్రం బడిలో ఉన్నదే. అదే జూన్, అదే ఏడాది.

“పాపం, సారు సొంతంగ ఏం రాయలే,” అంది ఉమైరా మెల్లగా.

రవళి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అమ్మ ఎత్తింది.

“అమ్మా, దసరా ముంగట బతుకమ్మ పేర్చంగ నొప్పులొచ్చినయి, నేను పుట్టిన అని చెప్తివి గదా. అబద్ధమా?”

“నిజమే చిన్నీ.”

“మరి పంచాయతీల జూన్ ఎట్లున్నది? నర్సింహులు సారు ఆడ సుత రాసిండా?”

“సారును అనకు. ఆ కాగితం మేమే బడికిచ్చినం. మళ్ళ రాయించుడెందుకు, పేరు అదే గదా అనుకున్నం.”

“పేరు అదే ఏందమ్మా? ఈ తారీఖు నాది కాకుంటె ఎవరిది?”

 అమ్మ గొంతు తగ్గించింది.

“నీకంటె ముందు పుట్టి పోయిన నా రవళిది బిడ్డా.”