కోకో కాయ

ఈరేష్ కాళ్లు కడుక్కుని వచ్చేసరికి, గోదావరి తోటల నుంచి అతను తెచ్చిన ఒకే ఒక్క కోకో కాయను పెళ్లాం నాగలత పగలగొట్టి తింటోంది. సీతాఫలం తిన్నట్టే తెల్ల గుజ్జు చప్పరించి, గింజలు వాకిట్లోకి ఊస్తోంది.

“ఏమే, చాక్లెట్ చేసేది ఆ గింజలతోనే! గుజ్జుతో పాటు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించల్ల. నీకు చేసి చూపిద్దామని తెస్తి.”

“చూపిస్తే?”

“మొగుడూ పెండ్లాలూ ఇద్దరొస్తేనే తోటలో పనిస్తారంట. ఓర్వకల్లు ఇడిసి రానంటివి గదా. చాక్లెట్ చూసన్నా వస్తావనుకుంటి.”

నాగలత ఇంకో గింజ ఊసింది. “చాక్లెట్ ఎవురికి గావల్ల? ఆడ ఈ గుజ్జు ఎవురూ తినరా?”

“తినరు. అంతా పులిసి కారిపోతాది.”

“అయ్యో, ఎంత పాపం!” నాగలత మూతి తుడుచుకుంది. “అటక మీద పెట్టె దించుపో. పొద్దున బస్సుకే పోదాం.”