గచ్చుకి సమంగా

"ఇంకా ఎత్తుంది మాణిక్యం," అంది మల్లీశ్వరి.

మేస్త్రీ మాణిక్యం షవర్ కింద నీళ్ళు పట్టే ట్రే అంచు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "ఎత్తేముందండీ, వేలెడు. ఆ మాత్రం లేకపోతే నీళ్ళు బయటికొచ్చేస్తాయి. ఎవరింట్లోనైనా ఇట్టాగే పెడతాం."

ఆమె హాల్లోకి వెళ్ళి, అద్దెకు తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చుంది. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ బాత్‌రూమ్‌లోకి వచ్చింది.

మాణిక్యం కంగారుపడ్డాడు. "మీరందులో కూర్చోకూడదమ్మా, మంచిది కాదు."

"మంచిది కాకపోతే హరిబాబు గారెట్టా కూర్చుంటున్నారు?"

ముందు చక్రాలు ట్రే అంచుకి తగిలి ఆగిపోయాయి. ఆమె బలంగా తోసింది. కుర్చీ ఎక్కలేదు సరిగదా, వెనక్కి ఒరిగింది. మాణిక్యం పట్టుకోకపోతే పడిపోయేదే.

"చూశావుగా?" అంది, ఊపిరి తీసుకుంటూ.

"గచ్చుకి సమంగా రావాలంటే కిందికి తవ్వాలండీ. పైపు కూడా దించాలి. వేసిన టైల్స్ పగిలిపోతాయి."

"పగలనీ."

"నిన్న వేసినవండీ!"

"పగలగొట్టు మాణిక్యం."

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మల్లీశ్వరికి చిన్న చీరల కొట్టుంది. పెడనలో హరిబాబు నేసిన చీరలే ఆ కొట్టుకి పేరు తెచ్చాయి. మూడేళ్ళ కిందట ఏలూరులో చీరలిచ్చి తిరిగి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర అతను ఎక్కిన ఆటోని లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గానీ నడుము కింద చలనం పోయింది. అప్పటినుంచీ పెడనలో అన్న అంకమ్మరావు ఇంట్లోనే ఉంటున్నాడు. పెళ్ళి చేసుకుందాం, విజయవాడ వచ్చెయ్యమంటే రాడు. మల్లీశ్వరి అడగడం మానలేదు, అతను కాదనడం మానలేదు.

చీరలకని పెడన వెళ్ళినప్పుడల్లా ఆమె అతని పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. పోయిన వానాకాలం అలాగే వెళ్ళినప్పుడు అంకమ్మరావు తమ్ముణ్ణి చేతుల మీద ఎత్తుకుని, దొడ్లో స్నానాల గది మెట్టు ఎక్కుతూ కనిపించాడు. లోపల దించి, తమ్ముడు పడిపోతాడేమోనని తలుపు ఓరగా తీసే ఉంచి, వాన చినుకుల్లో బయటే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం హరిబాబు ఆమె వంక చూడకుండా అన్నాడు. "తలుపేసుకుని నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయిందో మల్లీశ్వరీ."

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాటే ఆమె చెవుల్లో ఉంది. తర్వాత ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టింది. గేటు దగ్గర్నుంచి ఒక్క మెట్టయినా లేని ఈ గ్రౌండ్ ఫ్లోర్ దొరికేదాకా చూస్తూనే ఉంది.

టైల్స్ పగలగొట్టించిన రోజు సాయంత్రం హరిబాబే ఫోన్ చేశాడు. అవతల అన్న మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"కొత్త ఇల్లు తవ్విస్తున్నావంటగా?"

"ఇల్లు కాదండీ, బాత్‌రూమ్."

"నేను వస్తానని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

మల్లీశ్వరి సిమెంటు దుమ్ము పట్టిన కుర్చీ చక్రాన్ని కొంగుతో తుడిచింది.

"నీకు బోలెడు బతుకుంది. నన్ను ఎత్తుతూ దించుతూ కూర్చుంటావా?"

"ఎత్తే పని ఉండకూడదనేగా ఇదంతా," అంది. "ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తినడం ఇక నా వల్ల కావట్లేదండీ. పక్కన మీరుండి, ఉప్పెక్కువైందని విసుక్కున్నా బాగుండుననిపిస్తోంది."

మగ్గం చప్పుడు ఆగింది. అన్న వింటున్నాడని గ్రహించాడేమో, హరిబాబు ఫోన్ పెట్టేశాడు.

మాణిక్యం గచ్చు తవ్వాడు. పైపు దించి ట్రే కూర్చోబెట్టాడు. గోడకి మడత సీటు, పట్టుకోవడానికి స్టీలు రాడ్లు బిగించాడు. సిమెంటు ఆరాక మల్లీశ్వరి మళ్ళీ కుర్చీలో కూర్చుని లోపలికి వచ్చింది. ఈసారి చక్రాలకి ట్రే ఎక్కడ మొదలైందో తెలియనే లేదు. ఆ కుర్చీలోంచే అంకమ్మరావుకి ఫోన్ చేసింది.

"ఆదివారం ఆయన్ని ఒక్కసారి తీసుకురండి. నచ్చకపోతే సాయంత్రమే వెళ్ళిపోమనండి."

ఆదివారం కారు దిగిన హరిబాబు ముఖం ముడుచుకునే ఉంది. కాఫీ వద్దన్నాడు. ఇల్లు చూడనన్నాడు. బాత్‌రూమ్ ముందు మాత్రం కుర్చీ ఆపి, నేలకేసి చాలాసేపు చూశాడు. తర్వాత బట్టల సంచీ అడిగి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా లోపలికి కదిలాడు. అంకమ్మరావు అలవాటుగా వెంట నడిచాడు.

"నువ్వుండన్నయ్యా."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

అంకమ్మరావుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చున్నాడు, లేచాడు. నీళ్ళ చప్పుడు మొదలైంది. అంతలో లోపల ఏదో దబ్బున పడింది. అతను తలుపు దగ్గరికి పరుగెత్తబోతే మల్లీశ్వరి అడ్డం నిలబడింది.

"పిలవకండి," అంది గుసగుసగా.

"ఏం కాలేదు, షాంపూ సీసా!" లోపల్నుంచి హరిబాబు అరిచాడు. ఆ గొంతులో నవ్వుంది. ఆ నవ్వు విని అంకమ్మరావు కండువాతో ముఖం తుడుచుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

నీళ్ళ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. మల్లీశ్వరి గోడకి ఆనుకుని అలాగే వింటూ నిలబడింది.

చివరికి గడియ తీసిన చప్పుడైంది. తడి జుట్టుతో, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్న చొక్కాతో హరిబాబు బయటికొచ్చాడు. కుర్చీ ఆమె ఎదురుగా ఆపాడు.

"నువ్వు అడిగినప్పుడల్లా కుదరదన్నాను," అన్నాడు. "ఇప్పుడు నేనడుగుతున్నాను."

"అడగండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"