పూత వెయ్యని పన్ను

“ఈ పన్నును ఇలా వదిలేసిందెవరు?”

పెద్ద డాక్టరు కేకకి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. కుర్చీలో బస్సు కండక్టరు దవడ పట్టుకుని ఉన్నాడు. పన్ను మీద తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ తొడుగు ఊడి చేతిలోకి వచ్చింది. మంచినీళ్లు తాగినా, ఈల ఊదబోతూ గాలి పీల్చినా ప్రాణం పోతోందట.

పెద్ద డాక్టరుకి ఒళ్లు మండిపోయింది. క్యాప్ కోసం పన్ను అరగదీస్తే లోపలి సున్నితమైన పొర బయటపడుతుంది. క్యాప్ తయారై వచ్చేదాకా దాన్ని అలా వదలకూడదు. అరగదీసిన వెంటనే జిగురు పూత వేసి, లైటు పెట్టి గట్టిపరచాలి. ఆ తర్వాతే అచ్చు తీయాలి. ఈ పళ్ల ఆస్పత్రిలో ఆయన పెట్టిన నియమం అది. ఈ పన్ను మీద పూత ఆనవాలే లేదు.

పక్క కుర్చీ దగ్గర్నుంచి ఆయన కూతురు, చిన్న డాక్టరు, పరుగున వచ్చింది. కండక్టరు ఏదో అనబోయాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“నాదే పొరపాటు నాన్నా. తొందరలో మర్చిపోయాను.”

“మర్చిపోవడానికి ఇదేమన్నా గొడుగా? మనిషి పన్ను!”

“ఇప్పుడే వేసేస్తాను. మీరు కాసేపు కూర్చోండి.”

“అక్కర్లేదు. నువ్వు అవతలికి వెళ్లు.”

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. ఈమధ్య ఆయన చూసి పంపిన ప్రతి పేషెంటునీ ఆమె గుమ్మం దగ్గర ఆపి, మళ్లీ నోరు తెరిపించి చూస్తోంది. తండ్రి పనికి వంకలు వెతికే పిల్ల తన పని చేసుకునేది ఇలాగా! ఆయనకి కోపం కన్నా బాధే ఎక్కువైంది. బయట బోర్డు మీద తన పేరు తీసేసి కూతురి పేరు రాయించాలని ఎంతో ముచ్చటపడ్డాడు. సాయంత్రం పెయింటరు రావాలి. ఆయన ఫోన్ తీసి, “ఇవాళ రావద్దు, ఇక ఎప్పుడూ రావద్దు” అని చెప్పేశాడు.

కండక్టరు బిగుసుకుపోయి చూస్తున్నాడు. అతణ్ణి కాస్త నవ్వించాలనుకున్నాడు డాక్టరు.

“నొప్పి పుడితే ఒక్క ఈల వెయ్యండి, బండి ఆపేస్తాను. రెండు వేశారంటే రైట్ రైట్!”

కండక్టరు నవ్వలేదు.

మత్తు సూది వేసి, పన్ను శుభ్రం చేసి, సన్నగా పూత అద్ది, నీలం లైటు పట్టాడు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. కొత్తగా అచ్చు కూడా తీశాడు.

“ఏమండీ, నా జోకు మరీ అంత చప్పగా ఉందా?” అన్నాడు చేతులు కడుక్కుంటూ.

కండక్టరు పక్క కుర్చీ వైపు చూశాడు. ఆమె అటు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. అతనికి ఇక మనసు ఒప్పలేదు. మొద్దుబారిన మూతితోనే మెల్లగా అన్నాడు.

“బాగానే ఉంది సార్. మొన్న మీరు ఈ పన్ను అరగదీసేటప్పుడు కూడా ఇదే జోకు వేశారు.”